మైకు ముందు మన మాట

విశాఖపట్నంలో ఏ కెఫేలోనైనా ఓపెన్ మైక్ జరిగే సాయంత్రం తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. చీపురుపల్లి నుంచో, పలాస నుంచో, బొబ్బిలి నుంచో వచ్చిన కుర్రాడి పేరు పిలుస్తారు. మైకు చేతికి అందగానే అతని గొంతు మారిపోతుంది. టీవీ యాంకరు తెలుగు వస్తుంది, మధ్యలో హైదరాబాద్ ఇంగ్లీషు చేరుతుంది, యూట్యూబులో ఎవరో వాడిన ఊతపదం ఒకటి దొర్లుతుంది. ఐదు నిమిషాలకు రెండు మొహమాటపు నవ్వులు. దిగొచ్చి స్నేహితుల బల్ల దగ్గర కూలబడి, "ఇదేటిరా బాబూ, నా నోరు నాకే కరువైపోనాది" అంటాడు. బల్లంతా ఘొల్లుమంటుంది. పక్క బల్ల వాళ్లు కూడా ఇటు తిరిగి చూస్తారు.

స్టేజీ మీద రాని నవ్వు బల్ల దగ్గర వచ్చింది. ఆ రెంటికీ మధ్య దూరం పది అడుగులు ఉంటుందేమో. ఈ అధ్యాయం ఆ పది అడుగుల గురించే.

ఓపెన్ మైక్ అంటే ఎవరైనా పేరు రాయించుకుని, వంతు వచ్చినప్పుడు మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడగలిగే వేదిక. ఇది పేరున్నవాళ్ల ప్రదర్శన కాదు, కొత్త సరుకు పరీక్షించుకునే చోటు. పాశ్చాత్య దేశాల్లో ఈ అలవాటు బార్లలో, చిన్న క్లబ్బుల్లో పెరిగింది. న్యూయార్క్‌లో 1963లో మొదలైన ఇంప్రావ్, లాస్ ఏంజెలెస్‌లో 1972లో మొదలైన కామెడీ స్టోర్ ఎందరో హాస్యగాళ్లకు పాఠశాలలయ్యాయి. 1979లో తెరిచిన లండన్ కామెడీ స్టోర్‌లో తొలిరోజుల్లో జనానికి నచ్చకపోతే జేగంట మోగించి మనిషిని దింపేసేవారు. మన దగ్గర గంటలేవీ లేవు. కానీ వరసగా నాలుగు మాటలకు నవ్వు రాకపోతే చెవిలో మోగే నిశ్శబ్దం జేగంటకేం తీసిపోదు.

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో బారుకు వెళ్లి ఒక మనిషి చెప్పే కబుర్లు వినే అలవాటు ఇంకా పాతుకోలేదు. బారు అంటే మగవాళ్లు గోడవైపు తిరిగి కూర్చునే చోటుగానే చాలామంది చూస్తారు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు 21 ఏళ్లు. డిగ్రీ చదివే పిల్లలకు అది చోటు కాదు, ఆడపిల్లలు నిశ్చింతగా వచ్చి కూర్చునే చోటూ కాదు. అందుకే ఇక్కడివాళ్లకు తొలి వేదిక కెఫేనో, కాలేజీ హాలో, గ్రంథాలయం పై అంతస్తో కావడం మంచిది. బారు రెండో మెట్టు. అక్కడ నేర్చుకోవలసింది వేరే ఉంది, దాని సంగతి తర్వాత.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించడం మొన్న మొన్న అమెరికా నుంచి వచ్చిన విద్య అని, మనం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నామని చాలామంది కుర్రాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకమే వాళ్ల గొంతు పట్టేస్తోంది. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు విజయనగరంలో ఉన్న రోజుల్లో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథ చూశారు. చూసి ముచ్చటపడి ఊరుకోలేదు. 1883లో, ఇరవై ఏళ్లు నిండకుండానే, ధ్రువచరిత్ర సొంతంగా కట్టి విజయనగరంలోనే తొలి కథ చెప్పారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు, ఎదురుగా రాత్రంతా కూర్చోవడానికి వచ్చిన జనం. మైకు లేదు, లైట్లు లేవు, చీటీ చూసుకునే వీలు లేదు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల ఏర్పడితే దానికి తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఇప్పటికీ తెలుగువాళ్లు హరికథా పితామహుడంటే ఆయన పేరే చెబుతారు.

హరిదాసు దగ్గర స్టాండప్ కమెడియన్ నేర్చుకోవలసింది పిట్టకథ. పెద్ద కథ సాగుతూ ఉంటుంది, జనం కునికిపాట్లకు దిగుతారు. సరిగ్గా అప్పుడు హరిదాసు పురాణం పక్కన పెట్టి, పొరుగూరి పిసినారి గురించో, కొత్తల్లుడి గురించో ఒక చిన్న కథ ఎత్తుకుంటాడు. అందరూ లేచి కూర్చుంటారు. నవ్వు మధ్యలోనే మళ్లీ అసలు కథలోకి జారిపోతాడు. ఇవాళ స్టాండప్ అని పిలుస్తున్నది పురాణం తీసేసి పిట్టకథ మాత్రం ఉంచుకున్న విద్యే. బుర్రకథలోనూ ఇంతే. కథకుడికి ఒక పక్క హాస్యపు వంత, ఇంకో పక్క రాజకీయ వంత ఉంటారు. ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు ఊరి సంగతి, లోకం సంగతి అంటిస్తాడు. మైకు ముందు నిలబడ్డ మనిషి ఆ ముగ్గురి పనీ ఒక్కడే చెయ్యాలి. కథ చెప్పాలి, నవ్వించాలి, తనేమనుకుంటున్నాడో అందులోనే తెలియనివ్వాలి.

ఇక భాష. వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. జనం నోట ఉన్న మాటే కాగితం మీదికి రావాలని ఆయన వాదించారు. ఆయన స్నేహితుడు గురజాడ అప్పారావు విజయనగరంలో కూర్చుని ఆ మాటతోనే కన్యాశుల్కం నాటకం రాశారు. ఆ పనులు జరిగిన నేల మీద పుట్టిన కుర్రాడు మైకు ముందు "ఏటి" అనడానికి సిగ్గుపడి "ఏంటి" అంటున్నాడంటే అది అతని తప్పు కాదు. దశాబ్దాలుగా సినిమాల్లో ఈ యాస పనిమనిషికో, వాచ్‌మన్‌కో, అమాయకపు దొంగకో మాత్రమే దక్కింది. యాస వినగానే నవ్వాలని జనానికి అలవాటు చేశారు. ఆ నవ్వు మాట్లాడేవాడి తెలివికి వచ్చింది కాదు. మాట్లాడేవాణ్ని చూసి వచ్చింది.

ఈ తేడా పట్టుకోవడమే ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. "నాను ఎళ్తన్నాను" అన్న మాటలో నవ్వేమీ లేదు. అది ఒక మనిషి వెళ్తున్నానని చెప్పడం. యాస నవ్వుకు కారణం కాకూడదు, నవ్వు చెప్పే గొంతు కావాలి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో ఎక్కువమంది నటన వృత్తి కాని స్థానికులే. వాళ్లు తమ మాటే మాట్లాడారు, నవ్వించారు, ఏడిపించారు. 2020లో వచ్చిన 'పలాస 1978' ఈ యాసలోనే కోపాన్ని వినిపించింది. 2025లో 'తండేల్' శ్రీకాకుళం మత్స్యకారుల కథకు అదే గొంతు ఎత్తుకుంది. జనం ఈ మాట వినడానికి సిద్ధంగా ఉన్నారు. సిద్ధం కావలసింది చెప్పేవాడే.

దూరం నుంచి ఒక ఉదాహరణ తెచ్చుకోవచ్చు. అమెరికన్ హాస్యగాడు రిచర్డ్ ప్రయర్ మొదట్లో బిల్ కాస్బీని అనుకరిస్తూ, అందరికీ నచ్చే మర్యాదస్తుడిలా మాట్లాడి పైకొచ్చాడు. 1967లో లాస్ వేగాస్‌లో ఒక ప్రదర్శన మధ్యలో ఆపేసి దిగిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లు వెతుక్కుని తన వీధి మాటను, తను పెరిగిన పియోరియా మనుషులను స్టేజీ మీదికి తెచ్చాడు. 1975 నాటి రికార్డులో మడ్‌బోన్ అనే ముసలాయన వినిపిస్తాడు. దక్షిణాది పల్లె యాసలో తాపీగా కబుర్లు చెప్పే మనిషి. జనం ఆ యాసను చూసి నవ్వరు. ముసలాయన చెప్పే మాటకు నవ్వుతారు. మన దేశంలో హాస్యగాడు జాకిర్ ఖాన్ ఇండోర్ కుర్రాడి హిందీని దాచుకోకుండానే ఇంటింటికీ చేరాడు. 2017లో వచ్చిన అతని 'హక్ సే సింగిల్' ప్రదర్శన చూస్తే, చిన్న ఊరి కుర్రాడి మొహమాటమే అతని పెట్టుబడి అని తెలుస్తుంది.

ఇప్పుడు చేతిపని మొదలుపెట్టాలి. జోకు ఎలా తయారవుతుందో ఒకదాన్ని దగ్గరగా చూస్తే పది సూత్రాలు చదివినదానికంటే ఎక్కువ బోధపడుతుంది.

శ్రీకాకుళం పట్టణానికి రైలు రాదు. స్టేషను ఆముదాలవలసలో ఉంది, పట్టణానికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల. దాని పేరు 'శ్రీకాకుళం రోడ్'. ఈ జిల్లా మనిషికి ఇది పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదు. బయటివాడి కళ్లతో చూస్తే తప్ప ముడిసరుకు దొరకదు. మొదటిసారి రాసినప్పుడు అది ఇలా వస్తుంది: "మా శ్రీకాకుళానికి రైల్వే స్టేషన్ లేదండీ. స్టేషన్ ఆముదాలవలసలో ఉంటుంది. అక్కడి నుంచి ఆటోలో రావాలి. దానివల్ల మాకు చాలా ఇబ్బంది." ఇది అర్జీ. కలెక్టరు గారికి పనికొస్తుంది, కెఫేలో పనికిరాదు.

రెండోసారి దాంట్లోకి మనుషులు రావాలి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు? హైదరాబాద్ స్నేహితుడు మొదటిసారి ఊరొస్తున్నాడు అనుకుందాం. "టికెట్ ఎక్కడికి తీయాలి?" అని ఫోను చేశాడు. "శ్రీకాకుళం రోడ్డుకి తియ్యి." "ఓ, అయితే రైలు ఊళ్లోకే వస్తుందన్నమాట." ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. "లేదురా. రైలు రోడ్డు కాడికే వొస్తాది. ఊరు నువ్వే ఎతుక్కోవాల."

నవ్వు ఎక్కడ పుట్టిందో గమనించాలి. స్టేషను పేరులోనే ఉన్న 'రోడ్డు' అన్న మాటను అక్షరాలా తీసుకోవడంలో పుట్టింది. దాన్ని చివరిదాకా దాచడం వల్ల పుట్టింది. 'ఎతుక్కోవాల' తర్వాత ఇంకొక్క మాట చేర్చినా గాలి పోతుంది. "ఎతుక్కోవాల, ఎందుకంటే స్టేషను ఊరికి దూరం కదా" అని వివరిస్తే జనం తలూపుతారు, నవ్వరు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఇది హాస్యగాడికి భాష ఇచ్చిన వరం. బరువంతా చివరి మాట మీద పెట్టవచ్చు. ఇంగ్లీషు వాక్యం పోకడను పట్టుకుని మాట్లాడేవాళ్లు ఆ వరాన్ని చేజేతులా వదులుకుంటున్నారు.

నవ్వు వచ్చాక దాని మీదే ఇంకో చిన్న మాట వెయ్యవచ్చు. "మా తాత నలభై ఏళ్ల కిందట దిగీసేడు. ఇంకా ఆటో బేరమాడతన్నాడు." రెండో మాటకు కొత్తగా ఏర్పాటేమీ అక్కర్లేదు, మొదటిది వేసిన పునాది మీదే నిలబడుతుంది. అయితే మొదటి నవ్వు పూర్తిగా చల్లారకముందే రావాలి, అది ఎగసిపడుతుండగా రాకూడదు. ఆ క్షణం ఎప్పుడో పుస్తకం చెప్పలేదు. పదిమంది ముందు పదిసార్లు చెప్తేనే చెవికి పట్టుబడుతుంది.

ఇలాంటి ముడిసరుకు ఈ రెండు జిల్లాల్లో కుప్పలుగా ఉంది. హైదరాబాద్‌లో "మీది ఏ ఊరు?" అని అడిగితే ఇక్కడివాళ్లంతా "వైజాగ్ పక్కన" అంటారు. విజయనగరం వాడు అన్నా ఒప్పుకోవచ్చు. ఇచ్ఛాపురం వాడు కూడా అదే అంటాడు, ఒడిశా సరిహద్దులో నిలబడి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు 'పక్క'. ఊరు వదిలి కూలికో, చదువుకో, ఉద్యోగానికో వెళ్లినవాళ్ల ఇళ్లకు వచ్చే అమ్మ ఫోను ఇంకొకటి. ఏం చెప్పినా, ఉద్యోగం పోయిందని చెప్పినా, "అయితే తిన్నావేటి?" అన్న ప్రశ్నతోనే మొదలై దానితోనే ముగుస్తుంది. ఇందులో నవ్వూ ఉంది, గొంతులో అడ్డుపడేది కూడా ఉంది. రెండూ ఉన్న చోటే మంచి ఐదు నిమిషాలు దొరుకుతాయి.

జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, రోజుకు మూడు సంగతులు రాసుకోవడం తొలి నెల పని. ఆ రోజు కోపం తెప్పించినది ఒకటి, సిగ్గుపడేలా చేసినది ఒకటి, చుట్టూ అందరూ మామూలుగా తీసుకుంటున్నా తనకు మాత్రం వింతగా తోచినది ఒకటి. జోకులు రాయాలని కూర్చుంటే మెదడు వాట్సాప్‌లో చదివినవే అప్పగిస్తుంది. కోపం, సిగ్గు మాత్రం ఎవరివి వాళ్లకే ఉంటాయి.

శ్రీకాకుళం మనిషికి ఇంకో సదుపాయం ఉంది. కాళీపట్నం రామారావు 1997లో పట్టణంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథల కోసమే ఉన్న గ్రంథాలయం. అక్కడ ఒక పూట గడపడం చాలా కోచింగుల పెట్టు. విజయనగరం చాసో కథల్లో ఎంత తక్కువ మాటలతో ఎంత చెప్పవచ్చో కనిపిస్తుంది. ఇక శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి. మద్యనిషేధం రోజుల దొంగసారా, పోలీసులు, కోర్టులు, వాటి మధ్య నలిగే పేదలు కలిసి 'ఆరు సారా కథలు' అయ్యాయి. బారులో హాస్యం చెప్పాలనుకునేవాడు వాటిని పైకి చదవాలి, కళ్లతో కాదు, నోటితో. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు ప్రదర్శనల వీడియోలు కూడా చూడాలి. గజ్జె కట్టి, ఊరి మాటతో, వేలమంది జనాన్ని ఒక్క చూపుతో ఆపగలిగిన మనిషి. పాట ఆయన పని, హాస్యం కాదు. కానీ స్టేజీ మీద నిలబడడం ఏమిటో ఆయన దగ్గర చూడవచ్చు.

తొలి ప్రదర్శనకు ముందురోజు చేయవలసింది చాలా తక్కువ. ఐదు నిమిషాలకు నాలుగు నిమిషాల సరుకే పెట్టుకోవాలి, నవ్వు వస్తే మిగతాది అదే నింపుతుంది. మొత్తం కంఠస్థం చేస్తే బడిలో పద్యం అప్పగించినట్టుంటుంది. కాబట్టి ప్రతి సంగతికీ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు: రోడ్డు, వైజాగ్ పక్కన, అమ్మ ఫోను. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం అక్షరం తప్పకుండా రావాలి. తడబాటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ఎక్కువ. వేదిక ఎక్కాక మైకును స్టాండు నుంచి తీసి, స్టాండును పక్కకు జరపాలి. కొత్తవాళ్లు చాలామంది ఆ స్టాండు వెనకే దాక్కుని ఐదు నిమిషాలూ గడిపేస్తారు. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. జాలీని గుప్పిట్లో మూసినా, స్పీకరు ఎదురుగా వెళ్లినా కీచుమంటుంది. వెనకనుంచి నిర్వాహకుడు సెల్‌ఫోను లైటు ఊపాడంటే ఒక నిమిషమే మిగిలిందని అర్థం. అప్పుడు కొత్త సంగతి ఎత్తుకోకూడదు. ఎంత బాగా నవ్వుతున్నా దిగిపోవాలి. సమయం తినేసినవాణ్ని మళ్లీ పిలవరు.

నవ్వు వచ్చినప్పుడు దాని మీద మాట్లాడకపోవడం ఇంకొక విద్య. భయం మాటల వేగం పెంచుతుంది, వేగం నవ్వును తొక్కేస్తుంది. జనం నవ్వుతుండగా ఊరుకుని నిలబడడం మొదట్లో ఊపిరాడనట్టుగా ఉంటుంది. గుక్కెడు నీళ్లు తాగడం దానికి మంచి మందు. మందు అన్నాం కాబట్టి ఇంకో మాట: ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకుని ఎక్కడం చాలామంది చేసే తప్పు. చేతి వణుకు తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ తగ్గేది చెవి. ఎదుటివాళ్లు నవ్వుతున్నారో లేదో వినిపించని మనిషికి ఏ జోకూ అక్కరకు రాదు.

బారు సంగతికి వద్దాం. అక్కడికి వచ్చినవాళ్లు కమెడియన్ కోసం రాలేదు. రోజంతా పనిచేసి అలసి, తమ డబ్బుతో, తమవాళ్లతో రెండు గంటలు గడపడానికి వచ్చారు. వాళ్ల సాయంత్రంలోకి అడుగుపెట్టింది మైకు పట్టుకున్నవాడే అని మరిచిపోకూడదు. మూలబల్ల నుంచి ఎవరో "ఏటిరా నీ గోల!" అంటారు, తప్పకుండా అంటారు. యూట్యూబులో చూసినట్టు అతణ్ని నలుగురిలో కించపరిచి చప్పట్లు కొట్టించుకోవాలని చెయ్యి దురదపెడుతుంది. పెద్ద నగరాల క్లబ్బుల్లో అది చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. రేపు బజార్లో ఆయనే ఎదురవుతాడు, వాళ్ల అల్లుడు మన మేష్టారై ఉంటాడు. "బావా, నాకిచ్చింది ఐదు నిమిషాలే. నీకు బారు మూసేదాకా టైముంది" అంటే ఆయనా నవ్వుతాడు, పక్కవాళ్లూ నవ్వుతారు. వరస కలిపి పిలిస్తే సగం గొడవ చల్లబడుతుంది. వయసులో పెద్దవాడైతే 'బాబూ' అనాలి. ఈ జిల్లాల్లో ఆ మాటకున్న మెత్తదనం ఏ ఎదురు పంచ్‌కీ లేదు. అప్పటికీ ఆగకపోతే వాదించకుండా నిర్వాహకుడి వైపు చూడాలి. ఆపడం ఆయన పని.

ఎవరి మీద నవ్వాలన్న ప్రశ్న దగ్గర తొందరపడకూడదు. కన్యాశుల్కం చదివి పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లు దాని వెనక ఒక లెక్కల పట్టిక ఉందని గుర్తుంచుకోవాలి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లకు 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు ఐదేళ్లు. ముగ్గురికి ఏడాది వయసు. గురజాడ ఆ అంకెలను తన ముందుమాటలో పెట్టారు. నాటకంలో మాత్రం ఏడవలేదు, నవ్వించారు. కూతురిని అమ్ముకునే తండ్రిని, కాటికి కాళ్లు చాచి పెళ్లికి తయారైన లుబ్ధావధాన్లను, ఇంగ్లీషు ముక్కలతో ఊరిని బుట్టలో వేసే గిరీశాన్ని నవ్వులపాలు చేశారు. పసిపిల్ల సుబ్బిని చూసి నవ్వమని ఆయన ఎక్కడా అడగలేదు.

ఈ ఒక్క గీత గుర్తుంటే చాలా గొడవలు తప్పుతాయి. కులం పేరు, ఒంటి రంగు, ఎవరి నడకలోనో ఉన్న అవిటితనం, పెళ్లాం మీద అరిగిపోయిన జోకులు సులువుగా నవ్వు తెస్తాయి. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు ఆ నవ్వుకు తల దించుకుంటారు, అది వేదిక మీదికి కనిపించదు. దుఃఖం గురించి మాట్లాడకూడదని కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తరతరాల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ తోట కోల్పోయిన ఇంటివాడు, తర్వాత పరిహారం కోసం చెట్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ల మీద చెప్పే జోకుకు ఊరంతా నవ్వుతుంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతుంది. అదే మాట టీవీలో చూసినవాడు చెబితే నోరు చేదవుతుంది. నష్టం ఎవరిదో జోకు కూడా వాళ్లదే.

దగ్గర్లో వేదిక లేనివాళ్లు దాన్ని తామే ఏర్పాటు చేసుకోవచ్చు. పెద్ద పనేమీ కాదు. పదిహేను కుర్చీలు, ఒక స్పీకరు, పేర్లు రాసుకోవడానికి ఒక కాగితం. జనం తక్కువగా ఉండే మంగళవారమో బుధవారమో చూసుకుని హోటలు యజమానినో, బారు యజమానినో అడిగితే, ఖాళీ బల్లలు నిండుతాయనుకుంటే ఆయనకూ అభ్యంతరం ఉండదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు వద్దు. ఆ గంటసేపు టీవీ కట్టెయ్యడానికి ముందే ఒప్పించుకోవాలి. గోడమీద టీవీ కదులుతుంటే నారాయణదాసు గారు దిగివచ్చినా ఎవరూ వినరు. కుర్చీలు దగ్గర దగ్గరగా వెయ్యాలి. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, మధ్యలో ఖాళీ ఉంటే అక్కడే ఆరిపోతుంది. ఆరుబయట పెడితే రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకరుకు చట్టం ఒప్పుకోదు, ఏడింటికే మొదలుపెట్టాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజుల్లో ఊరు ఊరంతా వీధుల్లో ఉంటుంది. అలాంటి పండగల సాంస్కృతిక కార్యక్రమాల్లో ఐదు నిమిషాలు అడిగి పుచ్చుకోవచ్చు. మేష్టారి పదవీ విరమణ సభ, వినాయక చవితి పందిరి, కాలేజీ వార్షికోత్సవం, ఇవన్నీ మారు పేర్లతో ఉన్న ఓపెన్ మైకులే. ఒక్క తేడా, ఇక్కడ ముందువరసలో అమ్మమ్మలుంటారు. వాళ్లను నవ్వించినవాడికి ఏ బారూ భయం కాదు.

తొలిసారి ఎవరూ నవ్వకపోవచ్చు. బాధపడడానికి ఆ రాత్రి చాలు. జెర్రీ సైన్‌ఫెల్డ్ టీవీలో ప్రపంచమంతా తెలిసిన మనిషి అయ్యాక పాత జోకులన్నీ వదిలేసి, మళ్లీ సున్నా నుంచి చిన్న చిన్న క్లబ్బుల్లో కొత్తవి కట్టుకోవడం మీద 2002లో 'కమెడియన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. అంతటివాడు కాగితం చూసుకుంటూ, మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోవడం అందులో కనిపిస్తుంది. గురజాడ కూడా ఒక్క దెబ్బకు కన్యాశుల్కం ఇవ్వలేదు. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది ఒక రూపం. దాన్ని మళ్లీ ముందేసుకుని, పెంచి, మార్చి 1909లో తెచ్చిన రెండో కూర్పే ఇవాళ అందరూ చదువుతున్నది. మొదటి ప్రదర్శనకూ దానికీ మధ్య పదిహేడేళ్లు. ఐదు నిమిషాల సరుకుకు పదిహేడు వారాలు ఇవ్వడం ఏమంత ఎక్కువ కాదు.

కాబట్టి ఫోనులో రికార్డింగు పెట్టుకోకుండా వేదిక ఎక్కకూడదు. విశాఖలో కార్యక్రమం ముగిసి, రాత్రి రైల్లో విజయనగరం వైపు వస్తున్నప్పుడు వినడం కష్టంగానే ఉంటుంది, ఎవరికీ తన గొంతు తనకు నచ్చదు. మర్నాడు వినాలి. కాగితం మీద ఎడమవైపు అన్న మాట, కుడివైపు దానికి వచ్చిన స్పందన రాసుకోవాలి. 'ఎతుక్కోవాల' దగ్గర నవ్వు. తాత ఆటో బేరం దగ్గర ఇంకాస్త పెద్ద నవ్వు, కానీ తొందరగా వెయ్యడం వల్ల సగం వినబడలేదు. 'వైజాగ్ పక్కన' దగ్గర నవ్వు లేదు, అక్కడున్నవాళ్లంతా వైజాగ్ వాళ్లే కాబట్టి. దాన్ని హైదరాబాద్ వెళ్లినప్పుడు వాడాలి. అమ్మ ఫోను దగ్గర ఎవరూ నవ్వలేదు, వెనక ఒక అమ్మాయి మాత్రం "అవును" అంది. ఆ "అవును" చుట్టూ గీత గీసి, వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.